రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారికి చర్మంపై ఆపరేషన్: ముందు, ఆ రోజు, తరువాత

కిందటి వర్షాకాలంలో, డెబ్బై ఏళ్లకు దగ్గరపడుతున్న ఒక రైతు వీపు మీద నిమ్మకాయంత పెరిగిన కొవ్వు గడ్డను తీయించుకోవడానికి మా దగ్గరకు వచ్చారు. బల్ల మీద బోర్లా పడుకోబోతూ, మాకేదో సాయం చేసినవారిలా, "రక్తం పలచబడే మాత్ర ఐదు రోజుల కిందటే మానేశానండీ, మీకు ఇబ్బంది ఉండకూడదని" అన్నారు. చొక్కా విప్పితే ఛాతీ మధ్య నిలువునా పాత కుట్ల మచ్చ కనిపించింది. దగ్గరగా నిలబడితే గోడ గడియారం కొట్టుకుంటున్నట్టు సన్నని టిక్ టిక్ శబ్దం వినిపించింది. పన్నెండేళ్ల కిందట ఆయన గుండెలో మైట్రల్ కవాటం తీసి లోహపు కవాటం అమర్చారు. అప్పటికప్పుడు పరీక్ష చేయిస్తే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే కొలత) 1.3 వచ్చింది, ఆయనకు ఉండవలసింది 2.5 నుంచి 3.5 మధ్య. గడ్డ సంగతి పక్కనపెట్టి, వచ్చిన ఆటోలోనే ఆయనను గుండె వైద్యుని దగ్గరకు పంపించాం. మాత్ర మళ్లీ పట్టు అందుకునేదాకా పూటపూటా పొట్ట మీద, రక్తం గడ్డకట్టకుండా వెంటనే కాపాడే హెపారిన్ ఇంజెక్షన్లు వేయించుకోవలసి వచ్చింది. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. నెల తరువాత, మాత్ర ఒక్క పూట కూడా మానకుండానే, అరగంటలో ఆ గడ్డ తీసేశాం.

ఈ మార్గదర్శి అంతా ఆ ఐదు రోజుల గురించే. చర్మం మీద కోసిన చోట రక్తం కారితే అది కంటికి కనిపిస్తుంది, వేలితో నొక్కితే ఆగుతుంది, ఆగకపోతే ఇంకో కుట్టు వేస్తే కట్టుబడుతుంది. మాత్ర ఆపినందువల్ల గుండెలోనో మెడ నాళంలోనో పుట్టి మెదడుకు చేరిన రక్తపు గడ్డ ఎవరికీ కనిపించదు, వేలికి అందదు. 2003లో అమెరికాలో చర్మ శస్త్రచికిత్స నిపుణులను అడిగి చేసిన ఒక సర్వేలో, ఆపరేషన్ కోసం మందు ఆపిన తరువాత 46 మందికి గడ్డకట్టే ప్రమాదాలు జరిగినట్టు బయటపడింది. వాటిలో పక్షవాతాలే ఎక్కువ. అందువల్ల, వైద్యుడు అవసరమని రాసిన మాత్రను చిన్న చర్మ ఆపరేషన్ కోసం ఆపకపోవడమే నేడు సాధారణ నియమం. ఆపవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అయితే ఆ నిర్ణయం మాత్ర రాసిన వైద్యుడూ ఆపరేషన్ చేసే వైద్యుడూ కలిసి తీసుకోవలసినదే తప్ప, రోగి గాని, మందుల షాపువారు గాని, ఇరుగుపొరుగు గాని తీసుకోవలసినది కాదు.

మొదటి అడుగు: మీరు వాడేది ఏ జాతి మాత్రో తెలుసుకోండి

రక్తం పలచబడే మాత్ర అనే మాట వాడుకలో స్థిరపడిపోయింది గాని, ఈ మందులేవీ రక్తాన్ని మజ్జిగలా పలచన చేయవు. గడ్డకట్టే ప్రక్రియలో ఏదో ఒక మెట్టును అడ్డుకుంటాయి, అంతే. ఏ మెట్టును అడ్డుకుంటాయో తెలిస్తే, ఆపితే ఎన్నాళ్లకు ప్రభావం పోతుందో, మళ్లీ మొదలుపెడితే ఎన్నాళ్లకు వస్తుందో అర్థమవుతుంది.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్ ప్లేట్‌లెట్లను, అంటే గాయం దగ్గర గుమికూడి గడ్డకట్టడం మొదలుపెట్టే రక్తకణాలను, పనిచేయకుండా చేస్తాయి. ఒకసారి మందు తగిలిన ప్లేట్‌లెట్ మళ్లీ కోలుకోదు. దాని ఆయుష్షు వారం నుంచి పది రోజులు కనుక, ఆ పాతవి పోయి కొత్తవి పుట్టేదాకా ప్రభావం ఉంటుంది. "నిన్న రాత్రి మానేశాను, ఇవాళ పరవాలేదు కదా" అనుకోవడంలో అర్థం లేదు. నష్టమే తప్ప లాభం లేదు. టికాగ్రెలర్ కూడా ఈ పనే చేస్తుంది గాని, దాని ప్రభావం మూడు నుంచి ఐదు రోజుల్లో తగ్గిపోతుంది.

వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ రెండో జాతివి. మన దగ్గర కవాటం మార్పించుకున్నవారు ఎక్కువగా వాడే ఎసిట్రోమ్ ఈ ఎసినోకౌమరాలే. ఇవి కాలేయంలో విటమిన్ కె సాయంతో తయారయ్యే గడ్డకట్టే కారకాలను తగ్గిస్తాయి. వార్ఫరిన్ ఆపితే ప్రభావం పూర్తిగా పోవడానికి దాదాపు ఐదు రోజులు పడుతుంది. మళ్లీ మొదలుపెడితే తిరిగి పట్టు రావడానికీ అంతే, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. ఆపరేషన్ అరగంటదే అయినా, రోగి రక్షణ లేకుండా గడిపేది పది రోజులు. ఈ లెక్క చాలామందికి తట్టదు. అన్నట్టు, ఈ వార్ఫరిన్ మొదట 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషుల మందు అయింది. మందుల పెట్టె మీది హెచ్చరికలను తేలికగా తీసుకోకూడదనడానికి ఆ పుట్టుక ఒక్కటి చాలు.

మూడో జాతివి కొత్తవి: అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డాబిగాట్రాన్. ఇవి గడ్డకట్టే కారకాల్లో ఒకదానిని నేరుగా పట్టుకుంటాయి. వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటలకు ప్రభావం శిఖరానికి చేరి, ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. మూత్రపిండాలు మందగించినవారిలో ఇంకా ఆలస్యమవుతుంది. డాబిగాట్రాన్ దాదాపు 80 శాతం మూత్రపిండాల ద్వారానే పోతుంది కనుక, దాని విషయంలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా ఏ లెక్కా వేయకూడదు.

రెండో అడుగు: మాత్రల సంచి మొత్తం తెచ్చి బల్ల మీద పెట్టండి

చీటీ ఒక్కటే తెస్తే చాలదు. ఖాళీ అట్టలతో సహా ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకురండి. ఎకోస్ప్రిన్ అని విడిగా రాసి ఉంటే అందరూ గుర్తిస్తారు. ఎకోస్ప్రిన్-ఏవీ అని ఉంటే దానిని కొలెస్ట్రాల్ మాత్రగా చెప్పేవారే ఎక్కువ. అందులో ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ రెండూ ఉంటాయి. ఎకోస్ప్రిన్ గోల్డ్‌లో వీటికి తోడు క్లోపిడోగ్రెల్ కూడా కలిసి ఉంటుంది. "రక్తం పలచబడేదేమీ వాడటం లేదండీ, గ్యాస్ మాత్ర, గుండె మాత్ర, అంతే" అన్న రోగి సంచిలోంచి ఇవి రెండూ బయటపడటం మాకు వారానికి ఒకసారైనా ఎదురయ్యే అనుభవం.

మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ మాత్రలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అవి కూడా ప్లేట్‌లెట్లను మందగింపజేస్తాయి. చేప నూనె, విటమిన్ ఇ, గింకో, వెల్లుల్లి గుళికల వంటి పోషకాలను, పేరు తెలియని ఆయుర్వేద పొడులను కూడా చూపించండి. ఎవరూ రాయకుండా సొంతంగా వాడుతున్న ఇటువంటి గుళికలను ఆపరేషన్‌కు ఒకటి రెండు వారాల ముందు ఆపమని మేం చెబుతాం. కూరలో పోపు వేసిన వెల్లుల్లిని మానక్కరలేదు.

ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. తామరకు వాడే ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్ మాత్రలు వార్ఫరిన్, ఎసిట్రోమ్ ప్రభావాన్ని బాగా పెంచుతాయి. ఇట్రాకొనజోల్ అయితే రివరోక్సాబాన్, అపిక్సాబాన్, డాబిగాట్రాన్ మోతాదును కూడా రక్తంలో పెంచుతుంది. చర్మ వైద్యుని దగ్గరకు వచ్చేవారిలో తామర మందు వాడనివారు తక్కువ కనుక, ఈ కలయిక మనం ఊహించినదానికంటే మామూలుగా జరుగుతూనే ఉంటుంది.

మూడో అడుగు: ఆ మాత్ర ఎందుకు రాశారో తేదీతో సహా చెప్పండి

"గుండెకు" అనేది సమాధానం కాదు. స్టెంట్ (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేశారా, ఎప్పుడు వేశారు? కవాటం మార్చారా, లోహపుదా, జంతు కణజాలంతో చేసినదా? గుండె లయ తప్పిందన్నారా? కాలి సిరల్లో గడ్డ కట్టిందా, ఏ నెలలో? పక్షవాతం వచ్చి ఎన్నాళ్లయింది? డిశ్చార్జి కాగితంలో ఇవన్నీ ఉంటాయి; దానిని తీసుకురండి.

తేదీ ఎందుకు ముఖ్యమో చెబుతాను. గుండెపోటు తరువాత స్టెంట్ వేయించుకున్నవారికి సాధారణంగా ఏడాది పాటు రెండు ప్లేట్‌లెట్ మందులు కలిపి ఇస్తారు. గుండెపోటు లేకుండా వేయించుకున్నవారికి ఆరు నెలల పాటు. ఈ గడువులో రెండు మాత్రలూ ఆపితే స్టెంట్ ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు, అది ప్రాణాంతకం. కాలి సిరల్లో గడ్డ కట్టిన మొదటి మూడు నెలలు కూడా అంతే సున్నితమైనవి. ఇటువంటి కాలంలో వాయిదా వేయవలసింది ఆపరేషన్‌ను, మాత్రను కాదు. కొవ్వు గడ్డ, పుట్టుమచ్చ, చెవి తమ్మె సవరణ ఆరు నెలలు ఆగితే కొంప మునగదు. మెలనోమా (ప్రమాదకరమైన చర్మ కాన్సర్) అనుమానం ఉన్న మచ్చ మాత్రం ఆగకూడదు. దానిని మాత్ర కొనసాగిస్తూనే తీస్తాం.

లోహపు కవాటం ఉన్నవారిది వేరే కథ. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల కవాటాలు చెడి, ముప్పై నలభై ఏళ్లకే మార్పించుకున్నవారు మన దేశంలో చాలామంది ఉన్నారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో తయారై, 1990లో తొలిసారి మనిషికి అమర్చిన చిత్ర కవాటం ఎందరికో అందుబాటు ధరలో ప్రాణం పోసింది. ఏ కంపెనీదైనా లోహపు కవాటం మీద రక్తం గడ్డకట్టే గుణం జీవితాంతం ఉంటుంది. వీరు ఎవరి మాట మీదా సొంతంగా మాత్ర ఆపకూడదు.

దీనికి మరోవైపు, గుండె జబ్బు, పక్షవాతం ఏనాడూ లేకుండా, "ముందు జాగ్రత్త" పేరుతో తమంతట తామే ఆస్పిరిన్ మొదలుపెట్టినవారు కొందరుంటారు. వీరికి మాత్రం వైద్యునితో మాట్లాడి వారం పది రోజుల ముందు ఆపించడం సమంజసమే. ఆపిన తరువాత మళ్లీ మొదలుపెట్టడం అవసరమా అన్నది కూడా అప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది.

నాలుగో అడుగు: ఆపరేషన్ ఎంతటిదో వైద్యుని అడగండి

బయాప్సీ కోసం మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీయడం, పులిపిరి కాల్చడం, చిన్న పుట్టుమచ్చ, చీము లేని చిన్న తిత్తి, రెండు మూడు సెంటీమీటర్ల గడ్డ తీయడం రక్తస్రావం భయం తక్కువున్న పనులు. వీటికి దాదాపు ఏ మందూ ఆపనక్కరలేదు. చర్మ కాన్సర్ తీసిన చోట పక్క చర్మాన్ని తిప్పి కప్పడం, వేరేచోట నుంచి చర్మం తెచ్చి అతకడం, కనురెప్పల మీద, తల మీద వెడల్పుగా కోయడం కొంత ఎక్కువ భయం ఉన్నవి. కనురెప్పల విషయంలో మా జాగ్రత్త ఎక్కువ, ఎందుకంటే అక్కడ కారిన రక్తం కంటి వెనుకకు చేరి పేరుకుంటే చూపుకే ముప్పు.

బ్యూటీ పార్లర్‌లో పులిపిర్లు కాల్పించుకోవడం, ఆనెకాయలు బ్లేడుతో చెక్కించుకోవడం, దారం కట్టి తెంపడం ఈ మాత్రలు వాడేవారు చేయకూడని పనులు. అక్కడ రక్తం ఆపే సాధనాలేవీ ఉండవు.

ఐదో అడుగు: ఇద్దరు వైద్యుల మధ్య మాట, దానితోపాటు పరీక్షలు

ఆపరేషన్ తేదీ ఖరారు కాకముందే మాత్ర రాసిన వైద్యునికి విషయం తెలియాలి. రోగి నోటిమాటగా అటూ ఇటూ మోస్తే మధ్యలో అర్థం మారిపోతుంది. "ఆ చోటికి మాత్రమే మత్తు ఇంజెక్షన్‌తో, ఇంత సైజు గడ్డ, ఫలానా చోట, మందు కొనసాగించాలని మా ఉద్దేశం, మీ అభిప్రాయం తెలపండి" అని చీటీ మీద రాయించుకుని వెళ్లండి, జవాబు కూడా రాతలోనే తెచ్చుకోండి. గుండె వైద్యులకు ఆపరేషన్ అనగానే పొట్ట కోసే ఆపరేషన్ గుర్తుకొచ్చి, అలవాటుగా "ఐదు రోజులు ఆపండి" అని రాసేయడం జరుగుతుంటుంది. అది వారి తప్పు అనను. వారికి అందిన సమాచారం అంతే.

వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవారు ఆపరేషన్‌కు ముందు మూడు రోజుల లోపల పీటీ-ఐఎన్ఆర్ పరీక్ష చేయించాలి. ఐఎన్ఆర్ ఎప్పుడూ నిలకడగా ఉండనివారు ముందు రోజే చేయిస్తే మేలు. 3.5 లోపు ఉంటే చిన్న ఆపరేషన్‌కు అభ్యంతరం లేదు. దాటితే తేదీ జరిపి, మోతాదును రాసిన వైద్యుడే సవరిస్తారు. ఆ వారంలో భోజనం మామూలుగానే ఉండాలి. పాలకూర, తోటకూర, మునగాకు, గోంగూరల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది కనుక, ఆపరేషన్ ఉందని ఒక్కసారిగా వాటిని మానితే ఐఎన్ఆర్ పెరుగుతుంది, ఒక్కసారిగా పెంచితే పడిపోతుంది. రోజూ తినే అలవాటుంటే రోజూ తినండి.

మిగతావారికి ప్లేట్‌లెట్ల సంఖ్య, క్రియాటినిన్ చూస్తే సరిపోతుంది. వానాకాలంలో, ఈమధ్య జ్వరం వచ్చి తగ్గిందంటే తప్పకుండా చెప్పండి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అటువంటప్పుడు తొందర లేని ఏ ఆపరేషన్ అయినా ఆగవలసిందే.

ఆరో అడుగు: మందువారీగా ఏం చేస్తాం

ఆస్పిరిన్ గాని, క్లోపిడోగ్రెల్ గాని వైద్యుడు రాసినదైతే కొనసాగిస్తాం. రెండూ కలిపి వాడుతున్నవారిలో రక్తం ఎక్కువసేపు ఊరుతుంది, కాబట్టి మేం ఎక్కువ సమయం కేటాయిస్తాం, అంతే.

వార్ఫరిన్, ఎసిట్రోమ్ కొనసాగిస్తాం. నిజంగానే పెద్ద ఆపరేషన్ అయి ఆపవలసి వస్తే, మధ్యకాలంలో హెపారిన్ ఇంజెక్షన్లు వంతెనగా ఇవ్వాలా అనే ప్రశ్న వస్తుంది. గుండె లయ తప్పినవారిలో ఈ వంతెన ఉపయోగపడదని 2015లో వెలువడిన, 1,884 మందితో చేసిన ఒక పరిశోధన తేల్చింది. గడ్డకట్టిన ఘటనలు ఇంజెక్షన్ ఇవ్వనివారిలో 0.4 శాతం, ఇచ్చినవారిలో 0.3 శాతం, అంటే దాదాపు సమానం. తీవ్ర రక్తస్రావం మాత్రం 1.3 శాతం నుంచి 3.2 శాతానికి పెరిగింది. అయితే లోహపు కవాటం ఉన్నవారిని ఆ పరిశోధనలో చేర్చలేదు. అందువల్ల ఈ ఫలితాన్ని వారికి అన్వయించకూడదు.

కొత్త జాతి మందుల్లో సౌకర్యం సమయంలో ఉంది. రోజుకు రెండుసార్లు అపిక్సాబాన్ వేసుకునేవారికి ఆపరేషన్ పొద్దున్నే పెట్టుకుంటాం. రాత్రి మాత్ర మామూలుగా వేసుకుని, పొద్దుటి మాత్రను వెంట తెచ్చుకుంటే, రక్తం ఆగిందని నిర్ధారించుకుని కొన్ని గంటల తరువాత ఎప్పుడు వేసుకోవాలో మేమే చెబుతాం. రాత్రి భోజనంతో రివరోక్సాబాన్ వేసుకునేవారికి మరుసటి మధ్యాహ్నం చేస్తే, ప్రభావం తక్కువగా ఉన్న వేళ పని పూర్తయి, ఆ రాత్రి మాత్ర వేళకే పడుతుంది. పెద్ద అతుకుల ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజులు ఆపించవచ్చు, మూత్రపిండాలు బాగాలేకపోతే ఇంకొంచెం ముందు. వీటికి హెపారిన్ వంతెన అక్కరలేదు. మరిచిపోయిన మాత్రకు బదులు రెండు కలిపి వేసుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఏడో అడుగు: ఆపరేషన్ రోజు

చిన్న ఆపరేషన్‌కు పరగడుపున రానక్కరలేదు. టిఫిన్ తినండి, బీపీ మాత్ర తప్పకుండా వేసుకోండి. బీపీ పెరిగి ఉన్న మనిషికి మాత్రల కంటే ఆ ఒత్తిడి వల్లే ఎక్కువ రక్తం పోవడం నేను చూశాను. తల మీదుగా తొడిగే బనియన్ కాకుండా ముందు గుండీలున్న చొక్కా వేసుకోండి. విప్పేటప్పుడు కట్టు ఊడిపోదు. పేస్‌మేకర్ ఉంటే బల్ల ఎక్కకముందే చెప్పండి. రక్తనాళాలను మాడ్చే విద్యుత్ యంత్రంలో రెండు మొనల మధ్యే కరెంటు పారే రకాన్ని అప్పుడు వాడతాం.

మత్తు ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ కలిపి ఇస్తారు. అది నాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చాక వైద్యుడు పావుగంటో, ఇంకాసేపో ఆగితే ఆలస్యం చేస్తున్నారని విసుక్కోకండి. మీ రక్తం మిగల్చడానికే ఆ నిరీక్షణ. లోపలి పొరకు ఒక వరుస, పైన ఒక వరుస కుట్లు, అవసరమైతే రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లంలో తడిపిన గాజ్ గుడ్డ, ఆపైన బిగువైన కట్టు. కుట్లు పూర్తయ్యాక అరగంట కూర్చోబెట్టి కట్టు తడిసిందేమో చూసి గాని పంపించకూడదు.

ఎనిమిదో అడుగు: ఆ సాయంత్రం, మొదటి రెండు రోజులు

ఇబ్బంది వచ్చేది సాధారణంగా ఇంటికి వెళ్లిన తరువాతే, అదీ దీపాలు పెట్టే వేళకు. అడ్రినలిన్ ప్రభావం కొన్ని గంటల్లో తగ్గి, ముడుచుకున్న నాళాలు తెరుచుకుంటాయి. కట్టు మీద రూపాయి బిళ్లంత మరక కనిపించి ఇల్లంతా కంగారు పడుతుంది. ఆ మరక అంచును పెన్నుతో గీసి పెట్టుకోండి. అరగంట తరువాత కూడా గీత లోపలే ఉంటే భయం లేదు.

గీత దాటితే, కట్టు విప్పకుండా దాని మీదే మడిచిన శుభ్రమైన గుడ్డ పెట్టి, అరచేతి మడమతో గట్టిగా 20 నిమిషాలు నొక్కండి. గడియారం చూసుకుని నొక్కాలి. మధ్యలో "ఆగిందేమో" అని తీసి చూడకూడదు. చూసిన ప్రతిసారీ అప్పుడే ఏర్పడుతున్న గడ్డ ఊడి లెక్క మొదటికి వస్తుంది. పసుపు, కాఫీ పొడి, సున్నం, బూడిద ఏదీ అద్దకండి. ఆగకపోతే ఇంకో 20 నిమిషాలు నొక్కుతూనే వైద్యునికి ఫోన్ చేయండి. తరువాతి మాత్ర వేళకు వేసుకోవాలా, ఆలస్యం చేయాలా అన్నది కూడా ఆ ఫోన్‌లోనే అడగండి.

ముఖం, తల మీద ఆపరేషన్ అయితే రెండు దిండ్ల మీద పడుకోండి. రెండు రోజులు వంగి బరువులు ఎత్తకండి, కట్టు తడపకండి. చుట్టూ నీలిరంగు కమలడం ఈ మాత్రల మీద ఉన్నవారికి మామూలే. కంటి దగ్గర చేస్తే రెండో రోజుకు చెంప దాకా దిగుతుంది, వారం రెండు వారాల్లో పసుపు పచ్చబడి పోతుంది.

నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. షాపులో "నొప్పికి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే పారాసెటమాల్‌తో ఎసిక్లోఫెనాక్ కలిపినది చేతికి వస్తుంది. అట్ట మీద పేరు చదవకుండా డబ్బు ఇవ్వకండి. యాంటీబయాటిక్ రాస్తే, వార్ఫరిన్ జాతి వాడేవారు ఆ సంగతి మళ్లీ గుర్తుచేయండి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ ఐఎన్ఆర్‌ను పెంచుతాయి కనుక, అవి తప్పనిసరైతే నాలుగైదు రోజులకు పరీక్ష మళ్లీ చేయించాలి.

ఎప్పుడు పరుగెత్తాలి

40 నిమిషాలు నొక్కినా రక్తం కారుతుంటే, కుట్ల కింద ఉబ్బు గట్టిపడి నిమిషనిమిషానికీ పెరుగుతూ సలుపుతుంటే, కంటి దగ్గర ఆపరేషన్ తరువాత చూపు మసకబారినా కన్ను ముందుకు పొడుచుకొచ్చినా రాత్రి అని చూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. మూతి వంకర పోవడం, చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం, ఛాతీలో బిగువు, ఒక కాలు వాచి నొప్పి పెట్టడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, ఏ మాత్ర వాడుతున్నారో, చివరిసారి ఎన్ని గంటలకు వేసుకున్నారో, ఆపి ఉంటే ఎన్ని రోజులైందో మొదటే చెప్పండి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అనేది ఆ సమాధానం మీద ఆధారపడి ఉంటుంది.

కుట్లు ముఖం మీద ఐదు నుంచి ఏడు రోజులకు, తల మీద పది రోజుల లోపు, వీపు మీద పది నుంచి పద్నాలుగు రోజులకు, కాళ్ల మీద రెండు వారాలకు విప్పుతారు. అప్పుడు కూడా మాత్ర ఆపనక్కరలేదు. తల మీద కుట్లు ఉండగా తలనీలాల మొక్కు ఉంటే, గాయం పూర్తిగా మానేదాకా ఆగి, ఆ తరువాత తీర్చుకోండి. మంగలి కత్తి పెట్టకముందు "రక్తం త్వరగా ఆగదు" అని ఒక మాట చెప్పండి. కుట్లు విప్పిన రోజునే ముక్క పరీక్ష రిపోర్టు అడిగి తీసుకుని, దానితోపాటు ఈ ఆపరేషన్ వివరాలు రాసిన కాగితాన్ని గుండె వైద్యుని ఫైల్లో పెట్టించండి.